రేపల్లె పిన్నిగారి బొటనవేలు

మొన్న పొద్దున్నే సుబ్బారావుగారు ఫోన్ చేశారు. తెనాలిలో నైటీలు, స్కూలు యూనిఫారాలు కుట్టించే షెడ్డు ఆయనది. నేను మిషను పని నేర్చుకున్నది, చాలా ఏళ్ళు చేసింది అక్కడే. మామూలుగా ఫోన్ చేస్తే "ఏమ్మా రజియా, బాపట్లలో ఎండలెలా ఉన్నాయి?" అని మొదలుపెడతారు. ఆ రోజు ఎండల ఊసెత్తలేదు. "మీ పిన్నిగారు పోయిందమ్మా. నిద్రలోనే పోయిందట" అన్నారు. తర్వాత ఆయనే, "ఇంక నన్ను తిట్టేదెవరమ్మా?" అన్నారు. అరవై దాటిన మనిషి ఆ మాట ఎంత బెంగగా అన్నారంటే, ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. మేం సాయిబులం, వాళ్ళది లూథరన్ చర్చి. రేపల్లె బండిలో దిగేది కాబట్టి రేపల్లె పిన్నిగారు, అంతే. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల చిన్న చిన్న షెడ్లు, మిల్లులు, మిఠాయి కొట్లు నడుపుకునే వాళ్ళలో చాలామందికి ఆవిడ పిన్నిగారే. అసలు పేరేంటో నాకు చాలాకాలం తెలీదు. తెలిశాక కూడా ఆ పేరు ఆవిడకి నప్పినట్టు అనిపించలేదు.

లావుపాటి మనిషి. భుజాన గుడ్డసంచి, అందులో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. ఎప్పుడు చూసినా జాకెట్టు ఒక చెయ్యి బిగుతుగా, ఇంకో చెయ్యి వదులుగా ఉండేది. ఎందుకంటే తన జాకెట్లు తనే కుట్టుకునేది.

ఆవిడ మనుషుల్ని పలకరించే పద్ధతి వేరు. వెనకనుంచి వచ్చి, మెడకీ భుజానికీ మధ్య కండ మీద కుడిచేతి బొటనవేలితో నొక్కేది. "అబ్బా" అన్నామంటే దొరికిపోయినట్టే. "ఏం పని చేస్తావు? ఎటు తిరిగి చేస్తావు? ఏదీ, చేసి చూపించు" అనేది. బస్సు కండక్టర్లని నొక్కింది, కాఫీ హోటల్లో గ్లాసులు కడిగే ఆమెను నొక్కింది. స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన కిటికీ వెనక ఉండి తప్పించుకున్నాడు గానీ, ఆయన వైపు చాలా ఆశగా చూసేది. ఒక పెళ్ళిలో దండల బరువుకి మెడ వంచుకుని నిలబడ్డ పెళ్ళికొడుకు మీదికి ఆ వేలు వెళ్తుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

మొదటిసారి మా షెడ్డుకొచ్చింది కస్టమరుగానే. ముందు గదిలో కొట్టు, పరదా వెనక మేము. ఒక పొద్దున్న గులాబీరంగు నైటీ ఒకటి బల్ల మీద పరిచి, "ఈ పక్కకుట్టు చూడండి బాబూ, కాలవగట్టు మీద రోడ్డులా ఎట్లా వంకర్లు పోయిందో" అంది. సుబ్బారావుగారు అసలే మొహమాటస్తుడు.

"పొరపాటైందండి. వేరేది తీసుకోండి."

"వేరేది నాకెందుకు? ఇది కుట్టినామెను చూపించండి."

ఆ కుట్టు నాదే. పరదా వెనకనుంచి వింటున్న నేను మిషను మీదికి ఇంకా వంగిపోయాను. ఆవిడ పరదా తోసుకుని లోపలికొచ్చి, ఒక్కొక్కరి కుట్టూ చూసుకుంటూ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బొటనవేలు ఆన్చింది. కెవ్వుమన్నాను.

"లే" అంది.

నా స్టూలు మీద తను కూర్చుని, ఒక గుడ్డముక్క తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. అంత ఘోరమైన కుట్టు నేను పుట్టాక చూడలేదు. నాది వంకర్లు పోతే, ఆవిడది ఏకంగా గట్టు దిగి కాలవలో పడింది. మేమంతా నోళ్ళకి గుడ్డలు అడ్డం పెట్టుకున్నాం. ఆవిడ పట్టించుకోలేదు. సూది దగ్గరికి మొహం పెట్టి, తల వెనక్కి తీసి, మళ్ళీ పెట్టి చూసింది.

"లైటు నీ వీపు వెనకుందే అమ్మాయ్. నీ తల నీడ తిన్నగా సూది మీద పడుతోంది. పొద్దస్తమానం నీ నీడలో నువ్వే కుడుతున్నావు. కనపడక మెడ పక్కకి వాలుస్తున్నావు. మెడ ఎటు వాలితే కుట్టూ అటే పోయింది."

అది నిజమే. కానీ సుబ్బారావుగారి మొహం పాలిపోయింది. "మిషన్లు తిప్పడానికి వీల్లేదండి. అన్నీ తూర్పుముఖంగానే ఉండాలని సిద్ధాంతిగారు చెప్పారు" అన్నారు.

"ఉండనీయండి. లైటు ఎటుండాలో చెప్పారా?"

"లైటు సంగతి ఆయన్ని అడగలేదండి."

"మంచిపని చేశారు. ఇప్పుడూ అడక్కండి. తీసి ఎదరగోడకి పెట్టించండి."

ఆ సాయంత్రానికి లైట్లు ఎదరగోడకొచ్చాయి. నాకు రోజూ వచ్చే తలనొప్పి రావడం మానేసింది. ఆవిడ మాత్రం ఆ వంకర నైటీ తిరిగివ్వలేదు. "దీన్ని చూస్తే నువ్వు గుర్తొస్తావే" అని చిరిగిందాకా వేసుకుంది. అప్పట్నుంచీ తెనాలి వచ్చినప్పుడల్లా మా షెడ్డులో దిగేది. ఎవరూ పిలవక్కర్లేదు, ఎవరూ జీతమివ్వక్కర్లేదు. ఏం కావాలని అడిగితే "టీ పోయించండి, తిట్టనివ్వండి" అనేది.

ఆవిడకి అన్నీ తెలుసనుకుంటే పొరపాటే. దుగ్గిరాలలో పసుపు పొడి పట్టి ప్యాకెట్లు కట్టే చిన్న మిల్లుకి ఒకసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ రోజు మా షెడ్డుకి కరెంటు లేదు. మిల్లులో ఆడవాళ్ళు ఉక్కలో కూర్చుని దగ్గుతూ, మధ్యమధ్యలో బయటికెళ్ళి ఊపిరి పీల్చుకుని వస్తూ ప్యాకెట్లు కడుతున్నారు. పిన్నిగారు అటూ ఇటూ చూసి, "గాలి లేదండి ఇక్కడ. ఆఫీసులో ఉన్న ఆ పెద్ద ఫ్యాను ఇటు తెప్పించండి" అంది. ఓనరు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి. "పొడి లేస్తుందేమోనండీ" అన్నాడు. "మనుషులకన్నా పొడి ఎక్కువా బాబూ?" అంది. ఆ మాటకి అతను పాపం సిగ్గుపడి, స్వయంగా ఫ్యాను మోసుకొచ్చి, స్వయంగా స్విచ్చి వేశాడు.

తర్వాత కాసేపు ఎవరికీ ఎవరూ కనపడలేదు. కనపడేసరికి అందరం ఒకే రంగులో ఉన్నాం. ఓనరు చొక్కా, కనుబొమలు, గోడమీది దేవుడి పటం, మా పిన్నిగారి తల, అన్నీ పసుపే. ఆడవాళ్ళు నవ్వలేక దగ్గలేక తలుపు దగ్గర కూలబడ్డారు. ఆ అవతారంతోనే ఇద్దరం తెనాలి బండెక్కాం. ఎదురు సీట్లో ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "పెళ్ళివారా అమ్మా? ఎవరిదీ పెళ్ళి?" అని అడిగింది.

"పెళ్ళి కాదమ్మా, నా తెలివి" అంది పిన్నిగారు.

ఇంకొకరైతే ఆ వైపు మళ్ళీ తొంగిచూడరు. ఈవిడ వారం తిరక్కుండా వెళ్ళింది. ఈసారి గాలి లోపలికి కాదు, బయటికి తోలాలని గోడకి బొక్క కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించింది. లోపల బ్రహ్మాండంగా ఉంది. అవతల పక్కింటివాళ్ళు ఆరేసుకున్న తెల్లపంచెలన్నీ పసుపుపచ్చనయ్యాయి. వాళ్ళొచ్చి కేకలేశారు. పిన్నిగారు వాళ్ళ అరుగు మీదే కూర్చుని, వాళ్ళిచ్చిన మజ్జిగే తాగి, ఆలోచించి, ఆ ఫ్యాను మూతికి బయటివైపు పొడుగాటి గుడ్డసంచి కట్టించింది. ఫ్యాను వేస్తే అది దూది కూరిన దిండులా ఉబ్బేది. పొడంతా అందులో పడేది. లోపల దగ్గులు తగ్గాయి, బయటికెళ్ళి రావడాలు తగ్గాయి, ప్యాకెట్లు ఎక్కువ కట్టడం మొదలైంది. కొన్నాళ్ళకి ఆ ఓనరు ఇదంతా తన ఐడియా అని అందరికీ చెప్పుకుంటున్నాడని తెలిసి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం తెగ సంతోషపడింది.

"తనదనుకుంటేనే పీకెయ్యడే పిచ్చిమొహమా."

వాళ్ళ చర్చినీ వదల్లేదు. ప్రసంగం పొడుగైతే చాప మీద కూర్చున్న పెద్దవాళ్ళు నడుములు పట్టుకుని లేస్తున్నారని, పెద్దవాళ్ళ చాపలన్నీ గోడవారకి లాగించింది. గోడకి ఆనుకోగానే వాళ్ళు హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు నొచ్చుకుంటే, "అలిసిపోయిన వాళ్ళకి దేవుడు నిద్రే ఇస్తాడండి" అందట.

మా షెడ్డులో జరిగింది మాత్రం నవ్వులాటగా మొదలుకాలేదు.

ఎండాకాలం. బళ్ళు తెరిచేలోపు యూనిఫారాలు అందించాలి. ఒక పెద్ద స్కూలు ఆర్డరు ఆ ఏడే మొదటిసారి వచ్చింది. అది సరిగ్గా అందిస్తే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే మూసుకోవడమేనని సుబ్బారావుగారు మా ఎదుటే అన్నారు. మేమూ లేవకుండా కుడుతున్నాం. అయినా మధ్యాహ్నం దాటితే చేతులు సాగేవి కాదు. కుట్టింది విప్పడం, విప్పింది కుట్టడం. ఒకరోజు మరియమ్మక్క, మా అందరిలోకీ పెద్దది, కాజాలు కుట్టేది, కత్తెర అందుకోబోయి అలాగే పక్కకి పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. సుబ్బారావుగారే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ చూసి, మూత్రానికి సంబంధించిన జబ్బని, నీళ్ళు అసలు తాగడం లేదని, ఇట్లాగే ఉంటే మూత్రపిండాలు పాడవుతాయని కోప్పడింది.

సుబ్బారావుగారు చాలా బాధపడిపోయారు. మర్నాడే పెద్ద మంచినీళ్ళ క్యాను, స్టీలు గ్లాసులు తెప్పించి మా మధ్యలో పెట్టించారు. "తాగండమ్మా, మొహమాటపడకండి" అని పదేపదే చెప్పారు. మేం తలూపాం. ఎవ్వరం ముట్టుకోలేదు. సాయంత్రం క్యాను నిండుగానే ఉంది. ఆయనకి అర్థం కాలేదు. మాకు చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు దిగింది రేపల్లె బండి.

ఆవిడ క్యాను వైపు చూసింది, మా పెదాల వైపు చూసింది. "ఎవరూ తాగట్లేదేం?" అంది. మేం మిషన్ల మీదికి వంగిపోయాం. ఆవిడ ఇంకేం అడగలేదు. గ్లాసు నింపుకుని తాగింది. ఇంకోటి తాగింది. మా అందరి వంతూ తనే తాగుతున్నట్టు తాగి, వేరుశెనక్కాయలు వలుచుకుంటూ కూర్చుంది. చాలాసేపటికి లేచి, ముందు గదిలోకి వెళ్ళి, కొట్టులో కస్టమర్లుండగానే గట్టిగా అడిగింది.

"నన్ను ఎక్కడికెళ్ళమంటారు బాబూ?"

"ఎక్కడికండీ?"

"అంత నీళ్ళు తాగినామె ఎక్కడికెళ్తుందండీ?"

సుబ్బారావుగారు చేతిలో మీటరుబద్ద అలాగే పట్టుకుని ఉండిపోయారు. షెడ్డులో బాత్రూము లేదు. ఆయన అవసరమైతే పక్క హోటలుకి వెళ్ళేవారు. మేం మధ్యాహ్నం ఇంటికెళ్ళేదాకా ఆగేవాళ్ళం, తర్వాత సాయంత్రందాకా ఆగేవాళ్ళం. ఆగడానికి తేలికని నీళ్ళు మానేసేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఆయనకి తట్టలేదు, మేం చెప్పలేదు.

"మా... మా ఇంటికి వెళ్ళండి. పక్కవీధేగా" అన్నారు ఆయన.

"అట్లాగేనండి" అని, పరదా ఎత్తి లోపలికి కేకేసింది. "లేవండే అందరూ. ఓనరుగారింటికి వెళ్తున్నాం."

ముందు పిన్నిగారు, వెనక మేమంతా వరసగా, మెడల్లో టేపులు వేలాడుతుండగా మిట్టమధ్యాహ్నం వీధిన పడ్డాం. కొట్లవాళ్ళు ఏదో సమ్మె అనుకున్నారు. సుబ్బారావుగారింట్లో ఆ వేళకి ఆయన మేనకోడలికి పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. పెళ్ళివారు చేతుల్లో స్వీటు ప్లేట్లతో ఉన్నారు. మమ్మల్ని చూసి సుబ్బారావుగారి భార్య, మేం అమ్మగారు అంటాం, గుమ్మంలోకి వచ్చింది. పిన్నిగారు ఆవిడ చెవిలో ఏదో చెప్పింది. అమ్మగారి మొహంలో రంగు మారింది. "రండమ్మా, రండి" అని పెళ్ళివారి మధ్యనుంచే మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళింది. మేం ఒకరి తర్వాత ఒకరం వెళ్ళివస్తుంటే, పెళ్ళికొడుకు తల్లి లెక్క తప్పి, "అమ్మాయి స్నేహితురాళ్ళా?" అని అడిగింది.

అందరం అయ్యాక అమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "మరి రోజూ ఎక్కడికెళ్తున్నారమ్మా?" అంది. "సాయంత్రందాకా ఆగుతామండీ" అన్నాను తలొంచుకుని. ఆ ఇంట్లో రాత్రి ఏం మాట్లాడుకున్నారో మాకు తెలీదు. మర్నాడు పొద్దున సుబ్బారావుగారు పక్క హోటలు వైపు వెళ్ళబోతే, అమ్మగారు షెడ్డుకొచ్చి కూర్చుని, "మీరూ సాయంత్రందాకా ఆగండి" అంది. ఆయన ఆగారు. మధ్యాహ్నానికి ఆయన నడక మారింది. మేస్త్రీని పిలిపించారు.

చోటు ఎక్కడన్నది సమస్య. షెడ్డు వెనక మూల ఆయన కొత్తగా కట్టించుకున్న అద్దాల గది ఒకటుంది. ఏసీ, తిరిగే కుర్చీ. అంతకన్నా వేరే చోటు లేదు. ఆయన ఆ అద్దాన్ని చేత్తో తుడిచి, "పగలగొట్టకుండా విప్పండయ్యా" అన్నారు. పిన్నిగారు అప్పుడు మాత్రం ఎగతాళి చెయ్యలేదు. "మీరు మంచోరండి" అంది మెల్లిగా.

బాత్రూము వచ్చింది. ఆయన బల్ల మా మధ్యకొచ్చింది. మా మధ్య కూర్చున్నాక ఆయనకి దారం తెగడాలు, సూదికోసం వెతుక్కోవడాలు, కట్టింగు ముక్కలకోసం చివరిదాకా నడవడాలు అన్నీ కనపడ్డాయి. వాటినీ ఒక్కొక్కటే సర్దుకుంటూ వచ్చారు. మరియమ్మక్క కోలుకుని వచ్చి మళ్ళీ కాజాల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నాలు మా చేతులు ఆగలేదు. యూనిఫారాలు బళ్ళు తెరవకముందే వెళ్ళాయి. ఆ స్కూలు ఇప్పటికీ సుబ్బారావుగారి దగ్గరే కుట్టిస్తోంది. మేనకోడలి సంబంధం కూడా కుదిరింది. అంతమంది స్నేహితురాళ్ళున్న పిల్ల కలుపుగోలుగా ఉంటుందనుకున్నారట.

ఆ బాత్రూము పని మొదలుపెట్టిన రోజు ఆవిణ్ణి సాగనంపడానికి స్టేషనుకి వెళ్ళాను. బండి ఆలస్యం. "ఇవన్నీ మీకెట్లా తడతాయి పిన్నిగారూ?" అని అడిగాను. ఆవిడ వేరుశెనక్కాయ నొక్కి గింజలు నా చేతిలో పోసింది.

"మద్రాసులో పెద్ద బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని నేను. బాత్రూముకెళ్ళాలంటే చెక్కబిళ్ళ తీసుకుని వెళ్ళాలి. హాలునిండా ఆడపిల్లలు, నా చేతిలో రెండే బిళ్ళలు. ఆలస్యంగా తెచ్చిన పిల్లని అందరిముందూ నిలబెట్టి కేకలేసేదాన్ని. మంచి సూపర్‌వైజరని షీల్డు కూడా ఇచ్చారు."

"ఆ షీల్డు ఉందా ఇంకా?" అన్నాను.

"ఉంది. బీరువాకి ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టా" అంది. నవ్వుతుందనుకున్నాను. పట్టాల వైపు చూస్తూ కూర్చుంది. బండి రాగానే, "గార్డుకి ఆ మెట్టు ఎంత ఎత్తో చూశావా?" అని మళ్ళీ మామూలైపోయింది.

పెళ్ళయి బాపట్ల వచ్చాక, మా ఇంటి వెనక రేకుల హాల్లో నేనూ మిషన్లు పెట్టుకున్నాను. పోయిన ఏడాది ఆవిడ చూడటానికొచ్చింది. అప్పటికి మోకాళ్ళు సహకరించడం లేదు. ఆటో దిగడానికి నా భుజం పట్టుకుంది. నేను ముందురోజంతా పరీక్షకి తయారైనట్టు తయారయ్యాను. ఆవిడ లైట్లు చూసింది, సూదుల దగ్గర నీడలు చూసింది. బాత్రూము తలుపుకి లోపల గడియ పడుతుందో లేదో వేసి చూసింది. రేకుల వేడి దిగకుండా పైన పరిచిన తాటాకుల్ని కర్రతో పొడిచింది. అమ్మాయిల స్టూళ్ళకి వీపు ఆన్చుకునే చెక్కలు కొట్టించాను, వాటి మీద వాలి చూసింది. పోనుపోను మొహం ముడుచుకుపోయింది.

"ఏంటి పిన్నిగారూ, బాగోలేదా?"

"తప్పు దొరకట్లేదే" అంది దిగులుగా.

అమ్మాయిలందరూ గొల్లుమన్నారు. భోజనం పెట్టాను. మా అత్తగారు చేసిన చేపలపులుసు మెచ్చుకుని, మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను. నేను ఒకమ్మాయి దగ్గర కాలరు సరిచేసి, ఇంకొకమ్మాయికి బాబిన్ అందించి, గుమ్మంలో కొరియరు అబ్బాయితో మాట్లాడి వస్తుంటే పిలిచింది.

"రజియా, నీ సీటేదే?"

చుట్టూ చూశాను. పొద్దున్నించీ ఆ హాల్లో ప్రతి వస్తువునీ ఆవిడ కళ్ళతో చూసుకున్నదాన్ని. నాకంటూ ఒక కుర్చీ లేదన్న సంగతి నాకే తట్టలేదు.

"నేను తిరుగుతుండాలి కదా పిన్నిగారూ."

"తిరుగు. అలిసినప్పుడో?"

"అలవాటైపోయిందిలెండి. పిల్లలు పనిచేస్తుంటే నేను కూర్చుంటే ఏం బావుంటుంది? ఓనరమ్మ కూర్చుందనుకుంటారు."

"అనుకోనీ" అంది. "కూర్చున్న ఆడదాన్ని చూడటం అలవాటవనీ వీళ్ళకి. రేపు వీళ్ళలో ఒకత్తి నీలాగే ఓనరవుతుంది. నిన్ను చూసి అదీ కాళ్ళు వాచిందాకా నిలబడుద్ది."

కిటికీ చువ్వ పట్టుకుని మెల్లిగా లేచింది. తను లేచిన కుర్చీ నా వైపు జరిపింది. వద్దంటే వినేలా లేదు. కూర్చున్నాను. అరికాళ్ళలోంచి ఏదో దిగిపోతున్నట్టు జివ్వుమంది. అమ్మాయిలందరూ ఒక్కసారి తలెత్తి నా వైపు చూశారు. నేను చీరకుచ్చిళ్ళు సర్దుకున్నాను. మళ్ళీ ఎవరి మిషను మీదికి వాళ్ళు వంగిపోయారు.

రేపల్లె బస్సుకి వేళయింది. బస్టాండుదాకా వస్తానని లేవబోయాను.

"కూర్చోవే" అని, సంచి భుజానికేసుకుని, గోడ పట్టుకుంటూ తనే గుమ్మం దిగి వెళ్ళిపోయింది.